దుమ్ము ఖరీదు

మా హాల్లో నేల మీద ఇరవై మూడు తెల్లగుడ్డ ముక్కలు వరసగా పరిచి ఉన్నాయి. ఒక్కొక్కటి అరచేయంత. ఒక్కొక్కదాని నడుమ బూడిదరంగు మరక. పరుపు నుంచి తీసినవి ఏడు, సోఫావి ఐదు, కర్టెన్లవి నాలుగు, చిన్న తివాచీవి నాలుగు, మా పాప దిండువి మూడు. టై కట్టుకున్న అబ్బాయి రెండు గంటలు కష్టపడి ఈ ప్రదర్శన తయారు చేశాడు. చివరి మూడు ముక్కలు నాకు దగ్గరగా జరిపి, "పాప రాత్రంతా పీల్చేది ఇదే మేడమ్" అన్నాడు.

నా సహచరుడు పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఆ దిండు మీద ఆయనా పడుకుంటాడు, పాపకి ఆయనా తండ్రే. అయినా దుమ్ము గురించి చెప్పినంతసేపూ ఆ అబ్బాయి నా కళ్ళలోకే చూశాడు. ధర దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నాడు. "సార్, ఇఎంఐ కూడా ఉంది." మురికి నాది, డబ్బు ఆయనది. ఈ పంపకం ఆ అబ్బాయి కనిపెట్టింది కాదు. అది ముందే ఉందని తెలిసి, దాని మీదే బేరం నడిపాడు.

ఆ విదేశీ యంత్రం ధర లక్షా నలభై వేలు. ఆ రోజే ఆర్డరిస్తే లక్షా పద్దెనిమిది వేలు. మేము కొనలేదు. కానీ ఇంటికొచ్చి అమ్మే ఇంత ఖరీదైన వాక్యూం క్లీనరు ఆ డబ్బుకి తగినదేనా అన్న ప్రశ్న చాలారోజులు వదల్లేదు. నా స్నేహితురాళ్ళలో ఇద్దరు కొన్నారు. ఒకరిది అటక మీద ఉంది, ఒకరిది మంచం కింద ఉంది. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్ళే, సొంత జీతం ఉన్నవాళ్ళే. 'మోసపోయాం' అనరు. 'వాడటం కుదరట్లేదు' అంటారు, తప్పు తమదన్నట్టు. ఆ మాటే నన్ను ఈ వ్యాసం దాకా తీసుకొచ్చింది.

ముందు ఆ తెల్లగుడ్డల సంగతి. అవి అబద్ధం చెప్పవు, కానీ చెప్పేది చాలా తక్కువ. ఎవరింట్లోనైనా సరే, ఏళ్ళ తరబడి వాడిన పరుపుని గట్టిగా పీలిస్తే నూలుపొడి, మన ఒంటి నుంచి రాలిన చర్మం పొలుసులు, మట్టి వస్తాయి. మరో గంట పీలిస్తే ఇంకా వస్తాయి. యంత్రం గాలి పీలుస్తోందన్నంత వరకే దానికి రుజువు. ఆ దుమ్ము వల్ల మనకి జబ్బు చేస్తోందనడానికి అది రుజువు కాదు. కొట్లో ఏడెనిమిది వేలకి దొరికే యంత్రం అదే పరుపు మీద ఎంత తీస్తుందో ఆ ప్రదర్శనలో ఉండదు. పోలిక లేకుండా చూపించే ఫలితాన్ని పరిశోధనలో ఎవరూ ఒప్పుకోరు. పరిశోధక విద్యార్థి తెచ్చినా వెనక్కి పంపిస్తాం. మన హాల్లో, మన పిల్ల దిండు మీద చూపిస్తే మాత్రం నోరు మూసుకుని చూస్తాం.

ఇంకా కొన్ని మాటలు వినబడతాయి. ఎక్కువ వాట్లు అంటారు. వాట్లు ఆ మోటారు తాగే కరెంటుకి కొలత, పీల్చే శక్తికి కాదు. హెపా ఫిల్టరు అంటారు. అది మంచిదే. 0.3 మైక్రాన్ల కణాలని 99.97 శాతం ఆపే ఫిల్టరుకి ఆ పేరు. కానీ అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, తక్కువ ధర యంత్రాల్లోనూ వస్తోంది.

మా పాపకి చలికాలంలో పిల్లికూతలు వస్తాయి. ఆ మరకలు నన్ను తాకింది అందుకే. మరుసటి వారం పిల్లల డాక్టరుని అడిగాను. ఆవిడ యంత్రం పేరే ఎత్తలేదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్ళలో, అరవై డిగ్రీల దగ్గర, ఉతకమంది. పరుపులు, దిళ్ళు ఎండలో వేయమంది. పొడి చీపురుతో దుమ్ము లేపకుండా తడిగుడ్డ పెట్టమంది. గోడకి చెమ్మ ఉంటే ముందు అది చూసుకోమంది. పాప మందు మానొద్దంది. ఇందులో సగం మా అమ్మమ్మ చేసేదే. వేసవి రాగానే బొంతలన్నీ డాబా మీదికి ఎక్కేవి. అయితే అవి వాటంతటవి ఎక్కలేదు. అమ్మమ్మ మోసేది. డాక్టరు సలహాకి ఖర్చు లేదు గానీ చాకిరీ ఉంది. యంత్రం అమ్మేవాళ్ళకి మన దగ్గర చోటు దొరికేది ఈ సందులోనే. ఆ చాకిరీ నుంచి విడిపిస్తామంటారు.

నిజంగా విడిపిస్తుందా? మన నేల సంగతి చూడండి. వాక్యూం క్లీనరు పుట్టింది తివాచీ కోసం. గోడ నుంచి గోడ దాకా అతికించిన తివాచీని ఉతకలేరు, దులపలేరు. అక్కడ పీల్చడం తప్ప దారి లేదు. మన ఇళ్ళలో షాబాదు బండలు, కడప బండలు, మొజాయిక్, గ్రానైట్, టైల్స్. ఊడ్చి తడిగుడ్డ పెడితే చాలు. ఆ యంత్రం ఊడ్చే పనిని మాత్రమే చేస్తుంది. తుడిచే పని అలాగే ఉంటుంది. పైగా దాన్ని దించాలి, గొట్టాలు తగిలించాలి, వైరు లాగాలి, సంచీ దులపాలి, మళ్ళీ పెట్టాలి.

దీని చరిత్రలో నాకు ఎప్పటికీ మరపురాని మనిషి ఒకడున్నాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణంలో ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. అతనికి ఉబ్బసం. తివాచీలు ఊడ్చినప్పుడు లేచే దుమ్ముకి ఊపిరాడేది కాదు. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి తన కోసం ఒక యంత్రం కట్టుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాని హక్కులు కొన్నది తోలు వస్తువుల వ్యాపారి విలియం హూవర్. బ్రిటన్‌లో ఇప్పటికీ వాక్యూం చెయ్యడాన్ని 'హూవర్ చెయ్యడం' అనే అంటారు. 'స్పాంగ్లర్ చెయ్యడం' అని ఎవరూ అనరు. ఊడ్చేవాడు తన ఊపిరి కోసం చేసుకున్న వస్తువు ఇది. వందేళ్ళు దాటాక మా హాల్లోకి వచ్చినప్పుడు, రోజూ ఆ ఇల్లు ఊడ్చే మనిషిని ఎవరూ ఒక్క మాటా అడగలేదు. ఆ రెండు గంటలూ ఆమె వంటింట్లో గిన్నెలు తోముతోంది.

ఆమె గురించి చెప్పే ముందు రెండు పుస్తకాల మాట. బెట్టీ ఫ్రీడన్ 'ది ఫెమినిన్ మిస్టిక్' 1963లో వచ్చింది. గృహిణుల మనసు చదివి కంపెనీలకి సలహాలిచ్చే నిపుణుల నివేదికల గురించి అందులో ఒక అధ్యాయం ఉంది. కంటికి కనిపించని మురికి గురించి స్త్రీలో అపరాధ భావం పెంచితే సరుకు అమ్ముడుపోతుందన్నది ఆ సలహాల్లో ఒకటి. కనిపించే మురికికి ఒక హద్దు ఉంటుంది, తుడిస్తే పోతుంది. కనిపించనిదానికి హద్దే లేదు. అరవై ఏళ్ళ కిందటి ఆ సలహా మా పాప దిండు మీద కూడా పనిచేయడం చూసి నాకు కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ వేసింది.

రెండోది రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో రాసిన 'మోర్ వర్క్ ఫర్ మదర్'. ఇంట్లోకి యంత్రాలు వచ్చాక కూడా అమెరికన్ గృహిణి పనిగంటలు ఎందుకు తగ్గలేదని ఆమె వెతికింది. ఒకప్పుడు తివాచీని ఏడాదికి ఒకటి రెండుసార్లు బయటికి మోసుకెళ్ళి కర్రతో బాదేవాళ్ళు. అందులో మగవాళ్ళూ పిల్లలూ పాలు పంచుకునేవాళ్ళు. యంత్రం వచ్చాక అది ఒక్క మనిషి చేయగల పని అయింది. ఆ ఒక్క మనిషి ఇల్లాలు అయింది. ఏడాదికోసారి చేసేది వారం వారం చేయాల్సి వచ్చింది. యంత్రం బరువు తగ్గించింది. సాయం చేసే చేతుల్నీ తగ్గించింది. ఎంత శుభ్రంగా ఉంటే శుభ్రం అనాలో ఆ గీతని మాత్రం పైకి జరిపింది.

మన దగ్గర ఈ లెక్క ఇంకా మొండిది. 2024లో చేసిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. అదీ మగవాళ్ళలో దాదాపు నాలుగోవంతు మందే ఆ పనికి చెయ్యి కలుపుతున్నారు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గాయని సంతోషిద్దామంటే మగవాళ్ళకి తొమ్మిది తగ్గాయి.

మళ్ళీ ధర దగ్గరికి వద్దాం. లక్షా పద్దెనిమిది వేలలో యంత్రం ఎంత, అమ్మకం ఎంత? ఆ రోజు టై అబ్బాయితో పాటు పని నేర్చుకునే అమ్మాయి ఒకతె వచ్చింది. బీకాం చదివిందట, నల్గొండ వైపు ఊరు. సోఫా కింద పడుకుని మరీ పీల్చింది తనే. మధ్యలో నా దగ్గరికొచ్చి, "మేడమ్, వాష్‌రూమ్ వాడుకోవచ్చా" అని మెల్లిగా అడిగింది. పొద్దున తొమ్మిదింటికి రోడ్డెక్కితే ఎవరో ఒక ఇల్లాలు ఊఁ అనేదాకా అంతేనట. మంచినీళ్ళు తాగడం తగ్గించుకున్నానంది. జీతం గురించి అడిగితే నవ్వింది. "అమ్ముడుపోతేనే మేడమ్." మా ఇంట్లో రెండు గంటలు ఆ అమ్మాయి చేసింది ఇల్లు శుభ్రం చేసే పనే. ఎవరూ డబ్బివ్వని పని. మేము కొనలేదు కనుక కంపెనీ ఇవ్వదు. ప్రదర్శన ఉచితం కనుక మేమూ ఇవ్వక్కర్లేదు.

ఇలా ఇంటింటికీ తిరిగి అమ్మే వస్తువు ధరలో అమ్మేవాళ్ళ కమీషను, వాళ్ళ పైవాళ్ళ వాటా, తలుపు తీయని ఇళ్ళ ముందు గడిచిన పూటలు అన్నీ కలిసి ఉంటాయి. కొన్న ఒక్క ఇల్లు కొనని ఇళ్ళన్నింటి ఖర్చూ భరిస్తుంది. 'ఈ రోజే' అన్న తొందర కూడా అందుకే. రేపటికి మరకలు మరిచిపోతాం, ధరలు కనుక్కుంటాం.

మన దేశంలో ఈ పద్ధతి పాతదే. స్వీడన్ ఎలక్ట్రోలక్స్‌తో కలిసి యురేకా ఫోర్బ్స్ 1982లో మొదలైంది వాక్యూం క్లీనర్లు ఇంటింటికీ తిరిగి అమ్ముతూనే. టీవీ కూడా అందరిళ్ళలో లేని రోజుల్లో మధ్యతరగతి స్త్రీ కొత్త వస్తువుని ముట్టుకుని చూడగలిగిన చోటు ఆమె సొంత హాలే. బజారుకి ఒంటరిగా వెళ్ళి బేరమాడే వీలు లేని ఆడవాళ్ళకి ఆ తలుపు చప్పుడు కొంత మేలు కూడా చేసి ఉంటుంది. కానీ తలుపు తీసినవాళ్ళకి రక్షణ కావాలని ప్రపంచమంతా ఒప్పుకుంది. అమెరికాలో 1970ల నుంచి ఇంట్లో జరిగిన ఇలాంటి కొనుగోలుని మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకోవచ్చు. మన దగ్గర 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా అమ్మకందారు ఇంటికి రాకూడదన్నాయి. ఎవరైనా కొనదలుచుకుంటే, వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులో ఆర్డరు కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టడం మంచిది. సంచీలు, ఫిల్టర్లు ఎక్కడ దొరుకుతాయో, ఏడాదికి వాటి ఖర్చెంతో కూడా.

ఇక మా ఇంట్లో పనిచేసే ఆమె. "పేరు రాయకమ్మా, మిగతా ఇండ్లోల్లు చదివితె బాగుండదు" అంది కనుక రాయడం లేదు. పాలమూరు జిల్లా నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళు అయింది. అయిదు ఇళ్ళు చేస్తుంది. వాళ్ళు వెళ్ళాక ఆ యంత్రం గురించి అడిగాను. ధర విని నేననుకున్నంత ఆశ్చర్యపోలేదు. "మంచం కిందికి పోతదా? కరెంటు పోతే?" అని అడిగింది. తర్వాత కాసేపాగి, "ఊడ్చుడు పది నిమిషాల పనమ్మా. మోకాళ్ళు పోయేది తుడిచేకాడ. గది తుడవదు కదా" అంది.

తిరిగిన పుస్తకాలన్నీ కలిపి నాకు ఇంత సూటిగా చెప్పలేదు. నడుం వంచి ఊడ్చినప్పుడు కాదు, గొంతుక్కూర్చుని తడిగుడ్డతో వెనక్కి జరుగుతూ మూడు గదులు తుడిచినప్పుడు మోకాళ్ళు అరుగుతాయి. అయిదిళ్ళంటే రోజుకి పదిహేను గదులు. నిలబడి తుడిచే కర్ర కొట్లో అయిదారు వందలకి దొరుకుతుంది. మరి ఎందుకు వాడదు? "కర్రతోటి మూలలు పోవంటరు. కూసోని తుడిస్తేనే సాఫ్ అయితదంటరు." అనేవాళ్ళు ఎవరు? మనలాంటివాళ్ళమే. గచ్చు మెరవడానికి ఇంకొకరి మోకాలు వంగాలన్న నమ్మకం మన ఇళ్ళలో ఇంకా అలాగే ఉంది. ఆ నమ్మకానికి కులం ఉంది, వర్గం ఉంది. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది. ఆ కథ చదివి మనలో చాలామంది చేతిలో గుడ్డ కింద పెట్టాం, ఉద్యోగాలకి వెళ్ళాం, పేర్లు వెనక్కి తెచ్చుకున్నాం. ఆ గుడ్డ నేల మీద ఉండిపోలేదు. ఇంకో స్త్రీ చేతిలోకి వెళ్ళింది. ఇంటిపనివాళ్ళకి గౌరవప్రదమైన పని హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

లెక్క వేసి చూశాను. ఆమెకి మేమిచ్చేది నెలకి మూడు వేలు. లక్షా పద్దెనిమిది వేలంటే ఆమె మూడేళ్ళ మూడు నెలల జీతం. యంత్రం ఖరీదు విని 'మంచి వస్తువుకి ఆ మాత్రం ఉంటుంది' అనుకోగలిగే మనం, ఆమె మూడు వందలు పెంచమంటే 'ఏడాది కూడా కాలేదు కదా' అంటాం. ఆ యంత్రం ఆ డబ్బుకి తగినదా అని అడిగినంత తీరిగ్గా, ఈ జీతం ఆ పనికి తగినదా అని అడగం.

యంత్రాలకి నేను వ్యతిరేకిని కాను. వాటి వల్ల ఒక మేలు ఉందని మా పిన్ని కూతురు ఇల్లు చూసి తెలుసుకున్నాను. తను న్యూజెర్సీలో ఉంటుంది. పడకగదుల నిండా తివాచీ. శనివారం వాక్యూం చేసేది వాళ్ళాయన. గుంటూరులో ఉండగా చీపురు ముట్టుకోని మనిషి. మగవాడు చీపురు పడితే ఇంటికి అరిష్టమనే అమ్మ పెంచిన కొడుకు. మీట నొక్కితే మోగే వస్తువు కనుక చేతిలోకి తీసుకున్నాడు. చీపురుకి అంటిన ఆడతనం, కులం ఆ యంత్రానికి ఇంకా అంటలేదు. ఆ మాటకొస్తే మా హాల్లో ఆ టై అబ్బాయి కూడా చీపురిచ్చి ఊడ్చమంటే ఊడ్చేవాడా? అయితే దీనికి లక్ష అక్కర్లేదు. చెల్లెలింట్లో ఉన్నది కొట్లో కొన్న మామూలు యంత్రమే. ఆయన పట్టుకోవడానికి అసలు కారణం యంత్రం కాదు, తను వారాంతం ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళడం, అక్కడ పనిమనిషి లేకపోవడం.

కాబట్టి నా జవాబు ఇది. గట్టి నేల ఉన్న మన ఇళ్ళకి లక్ష దాటిన ఆ యంత్రం ఆ డబ్బుకి తగినది కాదు. పరుపులు, సోఫాలు, కర్టెన్ల కోసం యంత్రం కావాలనుకుంటే కొట్లో దొరికేది చాలు. ఎంతదైనా సరే, కొనే ముందు దాన్ని దించేదెవరు, తిప్పేదెవరు, సంచీ దులిపేదెవరు అని ఇంట్లో గట్టిగా మాట్లాడుకోవాలి. ఆ జవాబులన్నీ ఒకే మనిషి దగ్గర ఆగితే యంత్రం తగ్గించేది ఏమీ ఉండదు.

మేము ఏడున్నర వేలకి ఒకటి కొన్నాం. అది శనివారం నా సహచరుడి పని అని ముందే అనుకున్నాం. చేస్తున్నాడు. గుర్తు చేయడం మాత్రం ఇంకా నా పనే. పని చేసే ఆమె జీతం పెంచాం. తుడిచే కర్ర తనే బజారుకొచ్చి రెండు మూడు పట్టి చూసి ఎంచుకుంది. మా ఇంట్లో ఇప్పుడు నిలబడి తుడుస్తుంది. మిగతా నాలుగిళ్ళలో ఇంకా కూర్చునే.